వరంగల్ ల్యాబ్‌లో సముద్రపు గొట్టపు పురుగులు: ఏది తేవాలి, ఎలా బతికించాలి

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల, ఊరు ఏదైనా సరే, కాస్త పాత డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలోకి వెళ్తే అనెలిడా (వానపాము, జలగల వర్గం) అరలో దాదాపు అవే సీసాలు కనిపిస్తాయి. నీరిస్, ఎరెనికోలా, కీటాప్టెరస్, సబెల్లా, సెర్పులా. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నాని అన్నీ ఒకే పాలిపోయిన రంగుకు వచ్చేసి ఉంటాయి. సబెల్లా అందమంతా తల మీది ఈకల కిరీటంలో ఉంటుంది. సీసాలో అది ముడుచుకుపోయి ముద్దలా అతుక్కుని ఉంటుంది. విద్యార్థులు బొమ్మ గీస్తారు, భాగాలు గుర్తిస్తారు, రికార్డులో సంతకం పెట్టించుకుంటారు. ఆ జీవి నీళ్లలోంచి తిండి ఎలా ఏరుకుంటుందో, తానుండే గొట్టాన్ని ఎలా కట్టుకుంటుందో, నీడ పడగానే రెప్పపాటులో లోపలికి ఎలా మాయమవుతుందో మాత్రం చూడరు. నిజానికి ఆ పాఠంలో చూడాల్సింది అదే.

జంతువుల కోతను తగ్గించాలని యూజీసీ 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో దాన్ని ఆపేయమంది. అది మంచి నిర్ణయం. కానీ ప్రాక్టికల్ పీరియడ్లలో ఖాళీ అయిన ఆ చోటును చాలా కాలేజీలు చార్టులతో, వీడియోలతో నింపాయి. ప్రాణమున్న జీవిని చంపకుండా, కోయకుండా చూపించగలిగితే ఆ ఖాళీ నిజంగా నిండుతుంది. గొట్టం కట్టుకుని అందులోనే బతికే సముద్రపు గొట్టపు పురుగులు ఇందుకు బాగా సరిపోతాయి. ఉన్నచోటు నుంచి కదలవు, కరవవు, చిన్న తొట్టిలో ఇమిడిపోతాయి, పగలంతా కిరీటం విప్పుకునే ఉంటాయి.

సముద్రం ఇంత దూరంలో ఉంటే ఇదెలా సాధ్యమన్నది అందరికీ మొదట వచ్చే అనుమానం. ఉత్తర తెలంగాణకు చేపలు కొత్తేమీ కాదు. బొచ్చె, రవ్వ, కొర్రమీను పెంపకం చెరువు ఉన్న ప్రతి ఊరికీ తెలుసు. తెలియనిది ఉప్పునీటి జీవి ఒక్కటే. అయితే దూరం ఇక్కడ రెండో సమస్య మాత్రమే. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే వరంగల్‌లో దిగవచ్చు. అసలు కష్టం మూడు చోట్ల ఉంది: సరైన జాతిని ఎంచుకోవడం, దానికి రోజూ సరైన తిండి అందించడం, ఎండాకాలంలో నీటి వేడి పెరగకుండా చూడటం. వీటిలో మొదటిది తప్పితే మిగతా రెండింటి మీద ఎంత శ్రమ పడ్డా ఫలితం ఉండదు.

సముద్రపు పురుగుల్లో గొట్టం కట్టే కుటుంబాలు చాలానే ఉన్నాయి. సెర్పులిడ్‌లు సున్నపు గొట్టం కడతాయి. సబెల్లిడ్‌లు తమ జిగురుతో బురదను, ఇసుకను కలిపి మెత్తటి గొట్టం చేసుకుంటాయి. సబెల్లారిడ్‌లు ఇసుక రేణువులను ఒక్కొక్కటిగా అతికిస్తూ గట్టి గూళ్లు కడతాయి. కీటాప్టెరస్‌ది ఇంగ్లిష్ యూ అక్షరం ఆకారంలో ఉండే తోలు కాగితంలాంటి గొట్టం. డయోపాట్రా తన గొట్టం పైభాగానికి గవ్వ ముక్కలు, నాచు పీలికలు అతికించుకుంటుంది.

అక్వేరియం షాపుల్లో ఎక్కువగా దొరికేది, కొనేవాళ్ల కంటికి ఆనేది పెద్ద సబెల్లిడ్. షాపువాళ్లు ఫెదర్ డస్టర్ అంటారు. తరగతి గదిలో మొదటి రోజు దాన్ని మించిన ఆకర్షణ లేదు. అయినా ల్యాబ్ దానితో మొదలుపెట్టకూడదు. సాధారణంగా అది సముద్రం నుంచి పట్టి తెచ్చిన జీవే తప్ప పెంచినది కాదు. శుభ్రమైన తొట్టి నీళ్లలో దానికి సరిపడా తిండి ఉండదు. వెంటనే చనిపోదు కాబట్టి బాగానే ఉందనుకుంటారు. కొన్నాళ్లకు కిరీటం రాల్చేస్తుంది, మళ్లీ మొలిపించుకుంటుంది. కొత్త కిరీటం పాతదానికన్నా చిన్నగా వచ్చిందంటే ఆ జీవి తిండి చాలక తన ఒంటినే కరిగించుకుంటోందని అర్థం. అలా నెలల తరబడి సన్నబడుతూ పోతుంది. పిల్లలకు చూపించడానికి తెచ్చిన ప్రాణిని వాళ్ల కళ్లముందే ఆకలితో చంపడం ఏ పాఠానికీ న్యాయం కాదు.

ఇక్కడొక మాట చెప్పాలి. కిరీటం రాలిపోగానే పురుగు చచ్చిందని తీసి పారేసేవాళ్లు చాలామంది. నీటిలో ఆకస్మిక మార్పు వచ్చినా, వేడి పెరిగినా, తోటి జీవులు పీక్కుతిన్నా సబెల్లిడ్‌లు కిరీటం వదిలేస్తాయి. గొట్టంలో పురుగు ఉంటే, నీళ్లు బాగుంటే, కొన్ని వారాల్లో కొత్తది వస్తుంది. పురుగు గొట్టాన్నే వదిలి బయటకు వచ్చేసిందంటే మాత్రం పరిస్థితి విషమించిందనే.

క్రిస్మస్ ట్రీ వార్మ్ పేరుతో ఫొటోల్లో కనిపించే స్పైరోబ్రాంకస్ సంగతి వేరు. అది బతికున్న పగడంలో పాతుకుని ఉంటుంది. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పగడపు రాయితో సహా దాన్ని కొనడమంటే చట్టవిరుద్ధమైన వేటకు డబ్బు కట్టడమే. ఏ విద్యాసంస్థా ఆ జోలికి పోకూడదు.

ల్యాబ్‌కు సరైనది హైడ్రాయిడిస్ ఎలిగాన్స్ అనే సెర్పులిడ్. పేరులో ఉన్న సొగసు చూపుకు ఆనదు. రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి సున్నపు గొట్టం, దాని చివర చిన్న కిరీటం, అంతే. ఓడల అడుగున, జెట్టీ స్తంభాల మీద, సముద్రపు నీటితో చల్లబరిచే ప్లాంట్ల పైపుల్లో గుట్టలుగా పేరుకుని ఇంజనీర్లకు తలనొప్పి తెచ్చే జీవి ఇది. 1883లో సిడ్నీ హార్బర్ నుంచి దీన్ని మొదట వర్ణించారు. ఓడలతో పాటు ప్రపంచంలోని వెచ్చని రేవులన్నిటికీ పాకింది. విశాఖ హార్బర్‌లో ఇలా పేరుకునే జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం జువాలజీ విభాగం 1950లలోనే పరిశోధన చేసింది. రేవులకు బెడద కాబట్టి ఎన్ని తెచ్చినా ప్రకృతికి లోటు రాదు. మురికి నీటికి అలవాటు పడ్డది కాబట్టి చిన్నాచితకా పొరపాట్లను తట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పుట్టిన మూడు నాలుగు వారాల్లోనే పిల్లలు పెట్టే వయసుకు వస్తుంది. ఒక సెమిస్టర్‌లో మూడు తరాలు చూడొచ్చు. ఒకసారి తెచ్చి, ల్యాబ్‌లోనే తరం తర్వాత తరం పెంచుకోవచ్చు. ఈ సౌకర్యం ఫెదర్ డస్టర్‌తో లేదు.

తెచ్చే పద్ధతి తేలిక. రేవు అధికారుల అనుమతితో ప్లాస్టిక్ పలకలను రెండు మూడు వారాలు నీళ్లలో వేలాడదీస్తే వాటి మీద పురుగులు వాటంతట అవే స్థిరపడతాయి. పలక మీద హైడ్రాయిడిస్ ఒక్కటే ఉండదు. బార్నకిల్స్, బ్రయోజోవాలు వంటి అంటుకుని బతికే జీవులు, వేరే సెర్పులిడ్‌లు, తరచూ చిన్న సబెల్లిడ్‌లు కూడా వస్తాయి. గొట్టం మూసే మూత మీది ముళ్ల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద చూసి జాతిని ఖాయం చేసుకున్నాకే పరిశోధనకు దిగాలి. ప్రయాణానికి కోస్తా హేచరీల వాళ్లు రొయ్య సీడ్ పంపే పద్ధతే సరిపోతుంది: సగం నీళ్లు, సగం ఆక్సిజన్ నింపిన కవరు, థర్మాకోల్ డబ్బా, పక్కన కాగితంలో చుట్టిన ఐస్.

ఇక నీళ్ల సంగతి. ఉప్పు కలిపితే సముద్రపు నీరు అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కిరాణా కొట్టులో దొరికే దొడ్డుప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 మిల్లీగ్రాముల కాల్షియం, 400 మిల్లీగ్రాముల పొటాషియం, వీటితో పాటు బైకార్బనేట్ ఉంటాయి. సున్నంతో ఇల్లు కట్టుకునే జీవికి కాల్షియం, బైకార్బనేట్ లేకపోతే కట్టడానికి సరుకే ఉండదు. అందుకే మెరైన్ అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు మిశ్రమమే వాడాలి. 20 లీటర్ల తొట్టికి సుమారు 700 గ్రాములు పడుతుంది.

కలిపే నీటి మీదా శ్రద్ధ కావాలి. ఇక్కడి బోరు నీళ్లు రాతి నేలలోంచి వస్తాయి కాబట్టి వాటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి. చాలాచోట్ల ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంటి ఆర్‌వో మెషీన్లలో చాలావాటికి రుచి కోసం మళ్లీ లవణాలు కలిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూడకుండా నమ్మకూడదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ డిస్టిల్డ్ వాటర్ దొరికితే అంతకన్నా మంచిది లేదు. లవణీయత, అంటే కిలో నీటిలో కరిగి ఉన్న ఉప్పు, 35 గ్రాముల దగ్గర ఉంచాలి, దాన్ని రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరవదు. 20 లీటర్లలో 2 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న లవణీయత దాదాపు 39కి చేరుతుంది. తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కొత్తగా వచ్చే ల్యాబ్ అసిస్టెంట్‌కు మొట్టమొదట నేర్పాల్సింది ఇదే.

కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాతే జీవులను దించాలి. వారానికి ఐదో వంతు నీళ్లు మారిస్తే కాల్షియం లోటు కూడా చాలావరకు తీరిపోతుంది. రాగి సోకిందంటే ఈ పురుగులు బతకవు. చేపల జబ్బులకు వాడే రాగి మందులు, ఇత్తడి కుళాయిలు, ఎక్కడా నీటికి తగలకూడదు. తొట్టిని ఫార్మలిన్ సీసాల గదిలో పెట్టకూడదు, దగ్గర్లో దోమల మందు వాడకూడదు.

వేడి దగ్గరకు వస్తే వరంగల్ మే నెల ఎవరికీ చెప్పనక్కర్లేదు. బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు చిన్న తొట్టి నీరు సులువుగా 34 దాటుతుంది. హైడ్రాయిడిస్‌కు 25 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది, 30 వరకు నెట్టుకొస్తుంది. కింది అంతస్తు, ఉత్తరం వైపు గది, వీలైనంత పెద్ద తొట్టి, ఈ మూడే సగం పని చేస్తాయి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరి మాత్రం పెరుగుతుంది. కరెంటు పోతే ముందు దెబ్బ తినేది ఆక్సిజన్. ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలపడం కనీస జాగ్రత్త. ఇన్ని చేసినా మే నెల టెన్షన్ తప్పదు కాబట్టి, నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) లేని కాలేజీ ఎండాకాలంలో వీటిని ఉంచుకోవాలని పట్టుబట్టకపోవడమే మంచిది.

తిండి విషయం అన్నిటికన్నా విపులంగా చెప్పుకోవాలి. వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. కిరీటంలోని సన్నటి వెంట్రుకలు నీటిని లాగి, అందులోని రేణువులను వడకట్టి నోటికి చేరుస్తాయి. ఆ రేణువులు కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజులో ఉండాలి. చేపల మేత పొడిచేసి వేస్తే పురుగు తినదు, నీళ్లు కుళ్లుతాయి. ఈస్ట్ కూడా అంతే. బతికున్న సూక్ష్మ శైవలాలే (కంటికి విడిగా కనిపించని నాచు కణాలే) సరైన ఆహారం: ఐసోక్రైసిస్, కీటోసెరస్, టెట్రాసెల్మిస్ వంటివి. వీటి విత్తనం కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు. కోస్తాలోని రొయ్యల హేచరీలు లార్వాలకు (పిల్లదశ రొయ్యలకు) మేతగా కీటోసెరస్ లాంటివి నిత్యం పెంచుతూనే ఉంటాయి. ఎఫ్‌ బై టూ అనే పోషక ద్రావణం, ట్యూబ్‌లైట్, గాలి బుడగలు ఉంటే కోనికల్ ఫ్లాస్కుల్లోనే శైవలం పెరుగుతుంది. ఒక ఫ్లాస్కు పాడైతే ఇంకొకటి ఉండేలా వరుసగా మూడు నాలుగు నడపాలి. పురుగులను తెచ్చే ముందే ఈ పెంపకం నెలపాటు నిలకడగా సాగాలి. శైవలం పెంచలేని ల్యాబ్ గొట్టపు పురుగులను పెంచలేదు.

ఎంత వేయాలన్నది అందాజాతో తేలేది కాదు. రక్తకణాలు లెక్కపెట్టే హీమోసైటోమీటర్ ప్రతి జువాలజీ ల్యాబ్‌లోనూ ఉంటుంది. మూలల్లోని నాలుగు పెద్ద గళ్లలో శైవల కణాలు లెక్కపెట్టి, సగటును 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్ని కణాలో వస్తుంది. హైడ్రాయిడిస్ లార్వాలకు మిల్లీలీటరుకు సుమారు 60 వేల ఐసోక్రైసిస్ కణాలు ఇస్తారు. అంటే లీటరుకు 6 కోట్లు. ఫ్లాస్కులోని శైవలం మిల్లీలీటరుకు 60 లక్షలు ఉంటే, లీటరు లార్వా నీటికి 10 మిల్లీలీటర్లు పోస్తే చాలు. ఈ లెక్క విద్యార్థుల చేతే వేయించాలి. పెద్ద పురుగుల తొట్టిలో అయితే శైవలం పోశాక పచ్చబడిన నీరు కొన్ని గంటల్లో తేటపడాలి. తేటపడకపోతే ఎక్కువ వేసినట్టు. తిండి వేసిన గంటా రెండు గంటలు ఫిల్టర్ ఆపాలి, లేకపోతే పురుగుల కన్నా ముందు ఫిల్టరే తినేస్తుంది.

ఇంత శ్రమకు దక్కేది ఏమిటంటే, పాఠ్యపుస్తకంలో బొమ్మగా మిగిలిపోయిన ట్రోకోఫోర్ లార్వాను (గుడ్డు నుంచి వచ్చి ఈదే తొలిదశ పిల్లను) ఒక్క రోజులో కళ్లముందు పుట్టించవచ్చు. వయసొచ్చిన హైడ్రాయిడిస్ గొట్టాన్ని వెనక నుంచి జాగ్రత్తగా చిదిపి, పురుగును వాచ్‌గ్లాస్‌లోని వడకట్టిన సముద్రపు నీటిలో పెడితే నిమిషాల్లోనే బీజకణాలు విడుదల చేస్తుంది. ఆడదైతే నారింజ ఛాయ ఉన్న గుడ్లు, మగదైతే పాల చుక్కలాంటి వీర్యం. గుడ్డు 50 మైక్రాన్లు కూడా ఉండదు. రెండూ కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే గంట, గంటన్నరలో మొదటి విభజన కనిపిస్తుంది. నాలుగు కణాలు ఎనిమిది అయ్యేటప్పుడు పై నాలుగూ కింది నాలుగింటి సందుల్లోకి ఏటవాలుగా తిరగడం గమనించాలి. సర్పిల విదళనం అంటే ఏమిటో ఆ క్షణంలో అర్థమైనట్టు ఏ చార్టుతోనూ అర్థం కాదు. పొద్దున మొదలుపెడితే కాలేజీ వదిలేలోపు కదిలే పిండాలు, రాత్రికల్లా నడుము చుట్టూ శైలికల (కదిలే సన్నటి వెంట్రుకల) పట్టీతో గిర్రున తిరిగే ట్రోకోఫోర్‌లు. గొట్టం నుంచి తీసిన సెర్పులిడ్ మళ్లీ గొట్టం కట్టుకోవడం చాలా అరుదు కాబట్టి ఒక్కో బ్యాచ్‌కు నాలుగైదు పురుగులకు మించి వాడకూడదు. వచ్చే వేల లార్వాలతో మొత్తం తరగతికి సరిపోతుంది.

లార్వాలు 25 డిగ్రీల దగ్గర ఐదో రోజుకు స్థిరపడటానికి సిద్ధమవుతాయి. అప్పుడు చేయించాల్సిన ప్రయోగం ఒకటుంది. వారం రోజులు తొట్టిలో ఉంచిన గాజు స్లైడ్ ఒక గిన్నెలో, శుభ్రంగా కడిగిన కొత్త స్లైడ్ ఇంకో గిన్నెలో, రెండింటిలోనూ సమానంగా లార్వాలు. మర్నాటికి పాత స్లైడ్ మీద బుల్లి గొట్టాలు కనిపిస్తాయి, కొత్తదాని మీద దాదాపు ఏమీ ఉండవు. లార్వా గాజును చూసి స్థిరపడదు, గాజు మీద పేరుకున్న బ్యాక్టీరియా పొరను చూసి స్థిరపడుతుంది. సూడోఆల్టెరోమోనాస్ లూటియోవయొలేసియా అనే బ్యాక్టీరియా సూదిలా పొడుచుకునే సూక్ష్మ నిర్మాణాల గుత్తులను తయారు చేస్తుందని, వాటి ప్రేరణతోనే ఈ లార్వా రూపాంతరం చెందుతుందని 2014లో వెల్లడైంది. బ్యాక్టీరియా ఒక జంతువు ఎదుగుదలను ఎలా నడిపిస్తుందన్న పెద్ద ప్రశ్నకు ఈ చిన్న పురుగు నమూనా జీవి అయింది. హవాయి, హాంకాంగ్ ల్యాబ్‌లు దశాబ్దాలుగా దీన్ని పెంచుతున్నది ఇందుకే.

ఖర్చు లేని ప్రయోగాలూ ఉన్నాయి. కిరీటం విప్పుకున్న పురుగు మీద అట్టముక్క నీడ పడేస్తే చటుక్కున లోపలికి పోతుంది. నిమిషానికోసారి అదే నీడ పడేస్తూ పోతే కొంతసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఎన్నోసారికి మానేసింది, విరామం పెంచితే ఏమైంది, నీడ బదులు తట్టితే ఏమైంది, అన్నీ రాసుకుంటే మెదడు అని చెప్పుకోదగ్గది పెద్దగా లేని జీవిలోనూ అలవాటు పడటం ఎలా ఉంటుందో తెలుస్తుంది. పలకలతో పాటు వచ్చిన సబెల్లిడ్‌లకు రంగు కలిపిన మెత్తటి ఇసుక ఇస్తే, మరీ పెద్ద రేణువులు పారేసి, మధ్యరకం గొట్టానికి దాచి, సన్నవి నోటికి పంపుతాయి. ఆ తర్వాత గొట్టం అంచున రంగు వలయం తేలుతుంది. హైడ్రాయిడిస్ మూత సంగతి ఇంకా విచిత్రం. ఒక పక్క పనిచేసే మూత, రెండో పక్క ఎదగని మొలక ఉంటాయి. పనిచేసేది తెగిపోతే మొలక ఎదిగి మూత అవుతుంది, తెగిన చోట కొత్త మొలక వస్తుంది. ఈ సంగతి 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే నమోదైంది. కీటాప్టెరస్ దొరికితే యూ ఆకారపు గాజు గొట్టం ఇచ్చి చూడాలి. తన గొట్టమే అనుకుని అందులో కాపురం పెడుతుంది. జిగురు సంచితో అది నీళ్లు వడకట్టడం గాజులోంచి నేరుగా కనిపిస్తుంది. 1930లలో దాని ఆహార విధానం బయటపడింది ఇలాగే.

పరిశోధన వైపు చూస్తే, జీవులు అంటుకోకుండా ఓడల రంగుల్లో వాడిన విషపు టిన్ సమ్మేళనాల నిషేధం 2008లో అంతర్జాతీయంగా అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి విషం కాని ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. కొత్త పూతలను పరీక్షించడానికి హైడ్రాయిడిస్ లార్వాలు వాడతారు. ఇసుక గూళ్లు కట్టే ఫ్రాగ్మటోపోమా జిగురు నీటిలోనే సెకన్లలో గట్టిపడుతుంది. దాన్ని అనుకరిస్తూ వైద్యానికి పనికొచ్చే జిగుర్లు తయారు చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్, మెడికల్ కాలేజీ మూడూ ఒకే నగరంలో ఉన్న వరంగల్‌లో జువాలజీ, మెటీరియల్స్, వైద్యం వాళ్లు కలిసి కూర్చోవడానికి ఇంతకన్నా మంచి విషయం అరుదుగా దొరుకుతుంది.

సముద్రానికి దూరం ఒక విషయంలో మేలే చేస్తుంది. తీరంలోని ల్యాబ్ నుంచి పరాయి జాతి లార్వాలు డ్రైనేజీ ద్వారా రేవులోకి చేరే ప్రమాదం ఉంటుంది. పరాయి జాతి ఏం చేయగలదో మధ్యధరా సముద్రపు సబెల్లా ఆస్ట్రేలియా రేవులను ముంచెత్తినప్పుడు తేలింది. వరంగల్ నుంచి తప్పించుకున్న లార్వాకు బతికే నీరే లేదు. అయినా వాడిన ఉప్పునీటిని మొక్కల మొదట్లోనో చెరువు కాలువలోనో పారబోయకూడదు, నేల చవుడు దేలుతుంది. బ్లీచింగ్ వేసి, ఒకరోజు ఉంచి, మురుగు లైన్‌లో కొద్దికొద్దిగా వదలాలి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చివరి ప్రశ్న. వానాకాలం తర్వాత, అక్టోబరు, నవంబరుల్లో, ఉత్తరం నుంచి గంగ, బ్రహ్మపుత్ర వంటి నదుల నీరు కలిసి విశాఖ తీరపు పైపొర ఉప్పదనం బాగా పడిపోతుంది. అప్పుడు తెచ్చిన జీవిని నేరుగా 35లో వేస్తే తట్టుకోలేదు, మెల్లగా అలవాటు చేయాల్సి వస్తుంది. కాబట్టి అక్టోబరులో శైవలం ఫ్లాస్కులు, నవంబరులో తొట్టి, డిసెంబరు మూడో వారానికి పురుగులు. జనవరి నుంచి మార్చి వరకు గది వేడి అనుకూలంగా ఉన్నప్పుడే ప్రాక్టికల్స్ అన్నీ అయిపోతాయి. ఏప్రిల్ మొదట్లో చివరి తరం పలకలను చిల్లర్ ఉన్న ల్యాబ్‌కు అప్పగించి తొట్టి ఎండబెట్టుకోవచ్చు. అలాంటి ల్యాబ్ జిల్లాకొకటి లేకపోయినా, ఉత్తర తెలంగాణ మొత్తానికి విశ్వవిద్యాలయంలో ఒకటి ఉంటే, చుట్టుపక్కల కాలేజీలు ప్రతి ఏటా విశాఖ వెళ్లకుండా అక్కడి నుంచే పలకలు, శైవలం విత్తనం తెచ్చుకోగలుగుతాయి.